ఎదురు తిరిగిన పంపు

ఆ పంపు పేలినప్పుడు ఆమె సరిగ్గా దాని పైనే ఉంది. పంపుల హాలు కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ నడిచే క్రేను క్యాబిన్‌లో కూర్చుని, కింద జరిగేదంతా చూస్తోంది. హాల్లో అందరూ ఆమెని క్రేనక్క అనేవాళ్లు, ఆమె కంటే పెద్దవాళ్లు కూడా.

ఆ కరెంటు ప్లాంటు మీ ఇంటి సొంతమా అని జనం ఎగతాళి చేసేవాళ్లు. ఆమెది క్రేను. అన్నయ్య వెల్డరు. మొగుడు కంట్రోల్ రూమ్‌లో ఆపరేటరు. అందరికంటే చిన్నవాడైన తమ్ముడు పంపుల ఫిట్టరు, వాణ్ణి ఇంటా బయటా చిన్నోడనే పిలిచేవాళ్లు. క్వార్టర్స్‌లో గోడకి గోడ ఆనుకున్న రెండిళ్లు వాళ్లవి. ఒకింట్లో ఆమే మొగుడూ, పక్కింట్లో అన్నదమ్ములిద్దరూ. వంట మాత్రం ఒకచోటే.

పేలింది ఫీడ్ పంపు. బాయిలర్‌లోకి నీళ్లు తోసే పంపు అది. ఆ నీళ్ల ఒత్తిడి ఎంతంటే, పైపుకి సూది మొనంత చిల్లు పడినా ఎదురుగా పెట్టిన చెయ్యి తెగిపోతుంది. అలాంటి పంపులు రెండున్నాయి. ఆ పొద్దున రెండో నంబరు నడుస్తోంది, మొదటి నంబరు సిద్ధంగా ఉంది. రెండో దాని బేరింగు ఉన్నట్టుండి వేడెక్కింది. కంట్రోల్ రూమ్‌లో ఆమె మొగుడు ఆ వేడి పెరగడం చూశాడు. ఎవరినీ అడిగే వ్యవధి లేదు. బటన్ నొక్కి పంపు ఆపేశాడు. వెంటనే మొదటి నంబరు తనంతట తానే పని అందుకుంది.

ఆమె పైనుంచి పంపు ఇరుసుని, ఆ షాఫ్టునే చూస్తోంది. నెమ్మదించింది. ఆగింది. ఒక్క క్షణం అలా నిలబడి, వెనక్కి తిరగడం మొదలుపెట్టింది.

పంపులు ఆగడం ఆమె ఎన్నోసార్లు చూసింది. ఇలా తిరగడం ఎప్పుడూ చూళ్లేదు. మొదట మెల్లగా, తర్వాత వేగంగా, ఆ తర్వాత కంటికి ఆనకుండా తిరిగింది. గొంతు నొక్కేసిన జంతువు కూతలాంటి చప్పుడొకటి లేచి, క్యాబిన్ అద్దాలు వణికాయి. కింద చిన్నోడు వాల్వు చక్రం వైపు పరిగెత్తడం కనిపించింది. ఆ వాల్వు మూస్తే నీళ్లు ఆగుతాయని వాడికి తెలుసు. ఆమె హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. వాడు ఒక్కసారి తలెత్తి చూసి, పోతూనే ఉన్నాడు.

మోటారునీ పంపునీ కలిపే కప్లింగు పగిలింది. ఒక ముక్క గోడలో దిగబడింది. ఒకటి ఆయిలు పైపుని కోసేసింది. అరచేయంత ఇంకో ముక్క, మీదున్న రేకుని కాగితంలా చీల్చుకుని వచ్చి చిన్నోడి డొక్కలో దూరింది.

నిచ్చెన ఎలా దిగిందో ఆమెకి తర్వాత గుర్తులేదు. నేలంతా నూనె. జారి పడి, మోకాళ్ల మీద పాకి, వాణ్ణి ఒళ్లోకి లాక్కుంది. నూనె ఏదో నెత్తురేదో తెలియడం లేదు, రెండూ వెచ్చగానే ఉన్నాయి. గాయం మీద చెయ్యి అదిమితే ఇనప ముక్క అంచు ఆమె వేళ్లకే గుచ్చుకుంది.

"అక్కా, వాల్వు," అన్నాడు వాడు. "ఎవరినన్నా మూయమను."

స్ట్రెచర్ వచ్చేలోగా వాడు పోయాడు.

ఆసుపత్రి వెనక ఆవరణలో, శవం కోసం అందరూ నిలబడి ఉన్న చోటికి మేనేజరు వచ్చాడు. చేతులు కట్టుకుని, తల వంచుకుని, సానుభూతి చెప్పాడు. ఎవరో అడిగారు, అసలు ఎందుకిలా జరిగిందని. ఆయన, "వాల్వు మూయకుండా పంపు ఆపకూడదు. ఆపరేటరు తొందరపడ్డాడు," అనేశాడు.

ఆపరేటరు అక్కడే ఉన్నాడు, భార్య పక్కన. అన్నయ్య తలెత్తి చూశాడు.

"ఆపింది నువ్వా బావా?"

"నేనే."

"వాల్వు మూశావా?"

"లేదు."

అంతే. అన్నయ్య పిడికిలి బావ దవడ మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆవరణంతా వినపడింది. కింద పడ్డవాణ్ణి బూటు కాళ్లతో తన్నాడు. అవి వెల్డరు బూట్లు, ముందువైపు ఇనప తొడుగు ఉంటుంది. డొక్కలో, వీపులో, చేతుల మీద ఎక్కడ తగిలితే అక్కడ తన్నాడు. ఆమె అడ్డం పడితే ఆమెనీ జుట్టు పట్టుకుని గోడకేసి విసిరాడు. ఆమె కనుబొమ్మ చిట్లింది. నలుగురు పట్టుకుంటే గాని ఆగలేదు. ఆగాక కూడా పళ్లు కొరుకుతూ, "వీడి ప్రాణం తీయకపోతే నేను మా చిన్నోడికి అన్ననే కాదు," అన్నాడు.

విచిత్రమేమిటంటే, అన్ని దెబ్బలు తింటూ ఆమె మొగుడు ఒక్క చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు.

దవడకి తీగలు చుట్టి ఇంటికి పంపారు. నోరు తెరవడానికి లేదు. స్ట్రాతో పాలు తాగించాలి. తప్పు నాదేనంటాడా, కాదంటాడా, అదీ తెలియదు. మంచం మీద పడుకుని, దుప్పటి మీద బొటనవేలితో నొక్కుతూ ఉండేవాడు. నొక్కుతాడు, వదిలేస్తాడు, మళ్లీ నొక్కుతాడు. ఆమె ఆ వేలు పట్టుకుని ఆపేది. పక్కింటి గోడ అవతల అన్నయ్య ఏదో ఒకటి విసిరి కొడుతున్న చప్పుడు రోజూ వినపడేది. గిన్నెలు, కుర్చీ, చివరికి చిన్నోడి సైకిలు కూడా.

ఒకరోజు ఆమె మొగుణ్ణి నిలదీసింది. "పైపులో తలుపు కొడుతున్నట్టు ఏదో చప్పుడొస్తోందని చిన్నోడు మీకు చెప్పాడు కదా. మీరు మేనేజరుకి చెప్పారా?"

అవునని తలూపాడు.

"ఆయనేమన్నాడు?"

చెయ్యి గాల్లోకి ఊపి, తర్వాత చూద్దాం అన్నట్టు సైగ చేశాడు. కళ్ల నీళ్లు చెవుల్లోకి కారాయి.

మర్నాడే ఆమె పనిలోకి వెళ్లింది. తమ్ముడు పోయి దినాలు కూడా గడవకుండా డ్యూటీ ఏమిటని క్వార్టర్స్ ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. ఆమె పట్టించుకోలేదు. పంపు విప్పాలంటే క్రేను కావాలి. విప్పినప్పుడు తను అక్కడ ఉండాలి.

విప్పడానికి పంపులు తయారుచేసిన కంపెనీ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. ఫిట్టర్లు ఆయనకి పంపుల డాక్టరని పేరు పెట్టారు. జీవితమంతా మిషన్ల మధ్య గడిపి సగం చెవుడు తెచ్చుకున్నాడు. అందుకని మామూలు మాట కూడా పోట్లాటలాగే అరిచి చెప్పేవాడు. బేరింగు కాలిన సంగతి ముందే తేల్చేశాడు. ఆయిల్ కూలర్‌లో మట్టి పేరుకుని నూనె చల్లబడలేదు, అంతే. అది చిన్న జబ్బు, మనిషిని చంపేది కాదు అన్నాడు.

పంపు మూత తీసి, లోపలి భాగమంతా ఒకే ముక్కగా బయటికి లాగారు. షాఫ్టు, దాని మీద వరసగా చక్రాలు, చుట్టూ తొడుగులు, మొత్తానికి కార్ట్రిడ్జి అని పేరు. బాగా బలిసిన ఏనుగంత బరువు. ఆమె దాన్ని కొక్కేనికి తగిలించుకుని ఎత్తి, చెక్క దిమ్మల మీద పసిబిడ్డని పడుకోబెట్టినట్టు దించింది. దించి, తనూ కిందికి వచ్చింది.

డాక్టరు దాని చుట్టూ తిరిగి, షాఫ్టు చివరున్న పెద్ద నట్టు దగ్గర ఆగాడు. టార్చి వేసి చూసి, ఫిట్టర్లని పిలిచాడు.

"ఈ నట్టు చూడండి. పంపు సరైన వైపు తిరిగినన్నాళ్లు ఆ తిరుగుడుకే ఇది బిగుసుకుంటుంది. దీని మర అలా కోస్తారు. ఇప్పుడు చూడండి, కదలకుండా పట్టి ఉంచే తాళం రేకు చింపుకుని ఎంత బయటికొచ్చిందో. అంటే పంపు వెనక్కి తిరిగింది. అదీ మామూలుగా కాదు, పిచ్చెక్కినట్టు తిరిగింది. ఆ వేగానికే కప్లింగు పగిలింది."

"వెనక్కి తిరగడం నేను చూశాను," అంది ఆమె. "ఎవరికి చెప్పినా షాక్‌లో ఉన్నావమ్మా అన్నారు."

డాక్టరు ఆమెని, ఆమె కనుబొమ్మ మీది కుట్లని చూశాడు. ఆ కుర్రాడి అక్క అని పక్కవాళ్లు చెవిలో అరిచారు. ఆయన గొంతు తగ్గించడానికి ప్రయత్నించాడు గాని చేతకాలేదు.

"మొదటి పంపు అందుకోగానే దాని నీళ్లు ఇటువైపు ఎదురొచ్చాయమ్మా. అలా రాకుండా పైపులో ఒక తలుపుంటుంది. ఎన్నార్వీ అంటారు. నీళ్లు అటు పోతే తెరుచుకుంటుంది, ఇటు వస్తే మూసుకుంటుంది. అది మూసుకోలేదు."

"వాల్వు మూయకుండా ఆపడం మా ఆయన తప్పంటున్నారు సార్."

"ఎవడన్నాడు? ఆ వాల్వు మూసుకునేసరికి బేరింగు బూడిదయ్యేది. అలాంటప్పుడు ఎవరైనా ముందు పంపే ఆపుతారు. నేనున్నా అదే నొక్కేవాణ్ణి. నీళ్లు వెనక్కి రాకుండా చూడటం ఆ తలుపు పని, మీ ఆయన పని కాదు."

ఆ అరుపు హాలంతా వినపడింది. అప్పుడే వచ్చిన మేనేజరుకి కూడా.

ఇద్దరికీ అక్కడే గొడవ మొదలైంది. పైపు విప్పి ఎన్నార్వీ చూడాలన్నాడు డాక్టరు. దానికి ఇవతలి వాల్వు మూసి పంపు విప్పగలిగాం గాని అవతలి వాల్వు కారుతోంది, బాయిలరుతో సహా యూనిట్ మొత్తం ఆపితే గాని ఆ పైపు విప్పడానికి లేదు, యూనిట్ ఆపితే పైవాళ్లకి జవాబు చెప్పలేను అన్నాడు మేనేజరు. కొత్త కార్ట్రిడ్జి ఉంది, కూలర్ కడిగించాను, ఎక్కించి పంపు నడపండి, ఇకమీద వాల్వు మూశాకే పంపు ఆపమని అందరికీ చెప్తాను అన్నాడు.

"ఇంకోసారి తిరగబడితే ఇంకొకడు చస్తాడు."

"మీరు పంపు సంగతి చూడండి. మనుషుల సంగతి నేను చూసుకుంటాను."

డాక్టరు నెత్తిమీది హెల్మెట్ తీసి నేలకేసి కొట్టాడు. అది ఎగిరి మేనేజరు మోకాలికి తగిలింది. "అయితే నేను ముట్టుకోను. చేతనైతే మీరే ఎక్కించుకోండి," అని బయటికి నడిచాడు.

మర్నాడు మధ్యాహ్నం కొత్త కార్ట్రిడ్జి ఎత్తమని ఆమెకి ఆర్డరొచ్చింది. ఆమె ఎత్తింది. పంపు దగ్గరికి తెచ్చి, మనిషెత్తుకి రెండింతల పైన ఆపేసింది. కింద ఫిట్టరు దించమని చెయ్యి ఊపాడు. ఆమె లివర్ల మీంచి చేతులు తీసేసి కూర్చుంది. మేనేజరు వాకీటాకీలో అరిచాడు, బతిమాలాడు, ఉద్యోగం ఊడుతుందన్నాడు. యూనిట్ ఆపేదాకా దించనని ఒకే ఒక్కసారి జవాబిచ్చి, వాకీటాకీ కట్టేసింది.

ఆ సమయంలోనే ఆమె మొగుడు హాల్లోకి వచ్చాడు. విచారణకి రమ్మంటే వచ్చి, పైకి వెళ్లేముందు చిన్నోడు పడిన చోటు చూద్దామనుకున్నాడు కాబోలు. మొహానికి కట్టుతో, నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి పంపు పక్కన నిలబడ్డాడు. తెగిన ఆయిలు పైపు అతకడానికి వచ్చిన అన్నయ్య అటు చివర పంపు వెనక కూర్చుని ఉన్నాడని ఆయనకి తెలియదు. పైనుంచి ఆమెకి ఇద్దరూ కనిపిస్తున్నారు. మొగుణ్ణి వెళ్లిపొమ్మని గట్టిగా హారన్ కొట్టింది.

ఆ హారన్‌కే అన్నయ్య తలెత్తాడు.

మొహం మీది వెల్డింగు అద్దం తీసి పక్కన పడేశాడు. పైపు రెంచి అందుకున్నాడు, మోచేతి పొడుగున ఉంటుందది. పంపు చుట్టూ తిరిగి వచ్చి, మాటా పలుకూ లేకుండా కొట్టాడు. మొదటి దెబ్బకి బావ భుజం దిగిపోయింది. రెండోది వీపు మీద. బావ పడ్డాడు. పడి కూడా తల దాచుకోలేదు. నోరు తెరవలేని మనిషి అరుపు ముక్కులోంచి వచ్చింది, ఒక మూలుగులాగా. ఫిట్టర్లు కదిలారు గాని, రెంచి గాల్లో తిప్పుతుంటే దగ్గరికి పోయే దమ్ము ఎవరికుంటుంది. అన్నయ్య బావ మీద కాలు అటొకటి ఇటొకటి వేసి నిలబడ్డాడు. రెంచి రెండు చేతులతో పట్టుకుని తలకి గురి చూసి ఎత్తాడు.

ఆమె చెయ్యి లివరు మీద పడింది. క్రేనుని అర మీటరు పక్కకి జరిపింది. కొక్కెం ఎక్కడుంది, షాఫ్టు చివర ఎక్కడుంది, ఎవరి తల ఎక్కడుంది, అన్నయ్య కుడి కాలు ఎంత బయటికుంది, అన్నీ చూసింది. లివరు చివరికంటా నెట్టేసింది.

ఏనుగంత ఇనుము ఉన్నపళంగా దిగింది. షాఫ్టు చివర పంపు దిమ్మకి కొట్టుకుని వంగింది. మిగతాది అన్నయ్య కుడి కాలి మీద, మోకాలికి దిగువన పడింది. రెంచి ఎగిరిపోయి ఎక్కడో గణగణమంది. అన్నయ్య కేక విని బయటున్న డాక్టరు కూడా పరిగెత్తుకొచ్చాడంటే, ఆ కేక ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

ఆమె బరువుని మళ్లీ పైకి ఎత్తింది. ఎత్తగానే అన్నయ్యని చంకల కింద పట్టుకుని బయటికి లాగింది ఆమె మొగుడే. ఒక భుజం వేలాడుతుంటే రెండో చేత్తో లాగాడు. తన బెల్టు విప్పి, పంటితో పట్టడానికి లేదు కదా, మోకాలితో అదిమి పట్టి అన్నయ్య తొడకి బిగించాడు. నెత్తురు ఆగింది.

ఆ తర్వాత హాల్లో ఎవరూ పని ముట్టలేదు. మేనేజరు వంగిన షాఫ్టుని చూసి, "స్పేర్ కూడా నాశనం చేసింది," అన్నాడు. అంతే, ఒక ముసలి ఫిట్టరు ఆయన కాలరు పట్టుకున్నాడు. చిన్నోడికి పని నేర్పినవాడు. కాళ్లు నేలకి ఈడ్చుకుంటూ ఉండగా ఆయన్ని మొదటి పంపు పైపు దగ్గరికి లాక్కెళ్లి, మెడ వంచి, చెవిని పైపు మీది రేకుకి అదిమాడు. రేకు కింద వేడి నీళ్లు. మేనేజరు గింజుకున్నాడు.

"విను," అన్నాడు ముసలాయన. "సరిగ్గా విను."

లోపల టక్, టక్ మని కొడుతోంది. తలుపు కొడుతున్నట్టే. నడుస్తున్న పంపు తలుపు కూడా వదులైపోయిందన్నమాట. వదిలేసరికి మేనేజరు చెవి బొబ్బలెక్కింది, మొహంలో నెత్తురు చుక్క లేదు. డాక్టరు కూడా పైపు మీద అరచెయ్యి పెట్టి చూసి, ఆ కుదుపు తెలిసి, తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. తన చెవులని కూడా కలిపి తిట్టుకున్నాడు. ఆ సాయంత్రమే యూనిట్ ఆపారు.

రెండో పంపు పైపు విప్పితే, ఎన్నార్వీ తలుపు ఊడిపోయి పైపు అడుగున పళ్లెంలా పడి ఉంది. దాన్ని పట్టి ఉంచే పిన్ను విరిగిపోయింది. విరిగిన చోటంతా నల్లగా పాతబడి ఉంది. ఇది మొన్న విరిగింది కాదన్నాడు డాక్టరు. పంపు నడిచినన్నాళ్లు నీళ్లే తలుపుని అటు నెట్టి ఉంచుతాయి, ఆపినప్పుడే దాని అవసరం పడుతుంది, చిన్నోడు విన్నది అది తెగిపోతున్న చప్పుడేనన్నాడు. మొదటి పంపు దాంట్లో పిన్ను అరిగి వెంట్రుకవాసి మిగిలి ఉంది. రెంటికీ ఇంకా లావుపాటి పిన్నులు చేయించి వేశారు. కారుతున్న వాల్వు మార్చారు. వంగిన షాఫ్టు తీసి, పాతదీ కొత్తదీ కలిపి ఒక మంచి కార్ట్రిడ్జి తయారుచేశారు.

నడిపి చూసే రోజు, పంపు ఆపే బటన్ ఆపరేటరే నొక్కాలని డాక్టరు పట్టుబట్టాడు. భుజానికి కట్టుతో ఆమె మొగుడు కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నాడు. వేలు బటన్ మీద పెట్టి చాలాసేపు నొక్కలేకపోయాడు. నొక్కాడు. కింద షాఫ్టు నెమ్మదించింది. ఆగింది. అది ఇక కదల్లేదు.

మేనేజరుని ఇంకో ప్లాంటుకి మార్చారు. అది ప్రమోషనేనని కొందరన్నారు.

ఆమెని పోలీసులు తీసుకెళ్లారు. మనిషి మీద కావాలని బరువు దించిందా లేదా అన్నది తేలాలి. చూసినవాళ్లంతా చూడలేదన్నారు. చివరికి ఆసుపత్రికి వెళ్లి అన్నయ్యనే అడిగితే, కొక్కేనికి బరువు కట్టిన స్లింగు జారిందని చెప్పాడు. వదిలేశారు. క్రేను మాత్రం మళ్లీ ఇవ్వలేదు.

ఇంటికి కూడా పోకుండా ఆమె నేరుగా ఆసుపత్రికే వెళ్లింది. అన్నయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కుడి కాలు మోకాలి పైదాకా తీసేశారు. పైపు విప్పితే ఏం దొరికిందో తోటి వెల్డర్లు అప్పటికే వచ్చి చెప్పి వెళ్లారు.

"స్లింగు జారిందన్నావట," అంది ఆమె.

"జారలేదా?"

"లేదు."

"నాకు తెలుసు. రెంచి ఎత్తినప్పుడు పైకి చూశాను. నువ్వు నన్నే చూస్తున్నావు." కాలు లేని చోట దుప్పటి తడిమి అన్నాడు, "ఇంకో జానెడు ఇటు దించి ఉంటే పోయేవాణ్ణి."

"అది చూసుకునే దించాను అన్నయ్యా."

ఆయన ఇటు తిరిగాడు. ఆమె కనుబొమ్మ మీది మచ్చ చూశాడు. "బావ వస్తాడా?" అన్నాడు.

"కింద మెట్ల మీద కూర్చున్నారు. నువ్వు పిలిస్తే గాని పైకి రానని నాకు సైగ చేశారు."

"పిలు."

ఆమె వెళ్లి పిలుచుకొచ్చింది. బావ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, దవడకి ఇంకా తీగలు ఉన్నాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"కూర్చో బావా," అన్నాడు అన్నయ్య. "నువ్వెలాగూ మాట్లాడలేవు. మాట్లాడాల్సింది నేనే." మోచెయ్యి కళ్ల మీద అడ్డం పెట్టుకున్నాడు, దుప్పటి కింద ఛాతీ ఎగిరెగిరి పడింది.

గదిలో కుర్చీ లేదు. మంచం మీద కాలు లేని వైపు చోటుంది. బావ అక్కడే కూర్చున్నాడు. అన్నయ్య జరగమనలేదు.